కొత్త పెట్టల్ని పాత కోళ్లు బతకనివ్వడం లేదు, ఎలా కలపాలి?

ఒంగోలు శివారు నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో ఏడు నాటుపెట్టలు, ఒక పుంజు ఉన్నాయట. పోయిన వారం వీధిలోకి వచ్చిన ఆటోలో మూడు నెలల గ్రామప్రియ పెట్టపిల్లల్ని నాలుగు కొని, ఆ సాయంత్రమే దొడ్లో వదిలారు. అప్పటి నుంచి పాత పెట్టలు వాటిని తరిమి తరిమి పొడుస్తున్నాయి. ఒకదానికి తల మీద రక్తం వచ్చింది. మిగతావి మెట్ల కింద నక్కి మేతకు కూడా రావడం లేదు. అత్తగారేమో "కాలికి తాడు కట్టి పాత కోళ్ల మధ్యే ఉంచు, నాలుగు రోజుల్లో అవే కలుస్తాయి" అంటున్నారట. అలా చేయొచ్చా, లేక అమ్మేయడమే మంచిదా అని అడిగారు.

అమ్మేయక్కర్లేదమ్మా. తాడు మాత్రం కట్టొద్దు. ఈ రోజే ఆ నాలుగింటినీ విడిగా తీసేయండి. మూడు వారాలు పూర్తిగా దూరంగా ఉంచండి. ఆ తర్వాత ఒక వారం, పది రోజులు వలకు అవతల, పాత కోళ్ల కళ్ల ముందు ఉంచండి. అప్పుడు కలపండి. అప్పటికి వాటికి నాలుగు నెలలు దాటుతాయి, ఒంట్లో కాస్త బలం వస్తుంది. మూడు నెలల పిల్లను మూడేళ్ల పెట్ట ముందు నిలబెడితే అది పోటీయే కాదు.

ముందు గాయం సంగతి. గోరువెచ్చని ఉప్పునీళ్లతో తుడిచి పోవిడోన్ అయోడిన్ రాయండి, లేదా వేపనూనెలో పసుపు కలిపి పట్టించండి. మన వైపు ఉక్కకు ఈగ వాలిందంటే రెండో రోజుకే పురుగు పడుతుంది, వేపనూనె వాసనకు ఈగ దగ్గరికి రాదు. గాయం మానేదాకా ఆ పిల్లను తోటి పిల్లల నుంచి కూడా గంప కింద వేరుగా ఉంచాలి. ఎర్రగా కనిపించిన చోట పొడవడం కోళ్ల స్వభావం. పాత పెట్టలు మొదలుపెట్టిన పనిని దాని తోటివే పూర్తి చేస్తాయి. అన్నిటికీ ఓఆర్ఎస్ గానీ బెల్లం నీళ్లు గానీ పెట్టి, తడిపిన తవుడులో నూకలు కలిపి ఇవ్వండి. భయపడిన కోడి గింజ ముట్టకపోయినా తడిమేత తింటుంది.

ఇక తాడు. మీ అత్తగారు చెప్పింది కొత్తగా పుట్టిన సలహా కాదు, మా బుచ్చిరెడ్డిపాళెం వైపు కూడా సంతలో కొన్న కోడిని గుంజకు కట్టేస్తారు. కోడి కొత్త ఇంటి నుంచి పారిపోకుండా ఉండాలంటే అది పనికొస్తుంది, అదీ ఇంట్లో వేరే కోళ్లు లేనప్పుడు. కోళ్ల గుంపులో కట్టేసిన కోడికి తప్పించుకునే దారే ఉండదు. కోళ్ల తగాదాలో ఓడిన కోడి పక్కకు తప్పుకుంటే గెలిచిన కోడి అక్కడితో ఆగిపోతుంది. తప్పుకోలేకపోతే, ఇంకా లొంగలేదనుకుని పొడుస్తూనే ఉంటుంది. నేను చూసిన చావుల్లో ఎక్కువ భాగం ఇలా కట్టేసినవి, లేదా మూలకు ఇరుక్కున్నవి. ఆవిడతో వాదన ఎందుకు, గంప కింద పెట్టి "కట్టేసినట్టేగా అత్తయ్యా" అనండి.

అసలు ఎందుకు పొడుస్తాయి? పగతో కాదు. కోళ్ల గుంపులో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఖాయంగా ఉంటుంది. ఏ పెట్ట ముందు మేత దగ్గరికి వెళ్లాలి, ఎవరికి ఏ గుడ్ల తట్ట, దండెం (రాత్రి కోళ్లు ఎక్కి పడుకునే కర్ర) మీద ఎవరు ఎక్కడ అన్నీ తేలిపోయి ఉంటాయి. 1920లలో నార్వేకు చెందిన షెల్డరప్ ఎబ్బే అనే ఆయన దీన్ని మొదటిసారి శాస్త్రంగా రాశారు. చిన్నప్పటి నుంచి పెరటి కోళ్లను చూస్తూ కూర్చున్న మనిషి ఆయన. మన అమ్మమ్మలకూ ఇది తెలుసు, రాయలేదంతే. గూట్లో ప్రతి చోటికీ ఎవరో ఒకరు ముందే కర్చీఫ్ వేసి ఉంటారు. కొత్తవి రాగానే ఆ లెక్క మొత్తం మళ్లీ తేల్చుకోవాలి, ఆ తేల్చుకోవడమే ఈ పొడుపులు. కాబట్టి దీన్ని పూర్తిగా ఆపలేం. రక్తం రాకుండా, ఆకలితో మాడకుండా జరిగిపోయేలా చూడగలం, అంతే. కోడి ఇంకో కోడిని ముఖ్యంగా తల, తురాయి చూసి గుర్తుపడుతుంది. అందుకే కలపడానికి ముందు కొన్నాళ్లు ఒకదాన్నొకటి చూడనివ్వాలి.

పైగా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా ఇళ్ల నాటుకోళ్లలో ఎంతో కొంత అసిల్ రక్తం ఉంటుంది. పందెం జాతి పోలిక వస్తే పుంజులే కాదు, పెట్టలూ కయ్యాలమారులే. గ్రామప్రియ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ గుడ్ల కోసం తయారుచేసిన రకం, నెమ్మది కోడి. ఇప్పుడు చితికిపోతున్నాయని దిగులు పడకండి, ఇంకో మూడు నెలలకు వీటిలో కొన్ని మీ నాటుపెట్టల కంటే బరువు తూగుతాయి.

నన్నడిగితే పొడుపుల కంటే రోగానికే ఎక్కువ భయపడాలి. పొడుపులు నాలుగు పిల్లల్ని బాధపెడతాయి, రోగం వస్తే దొడ్డి దొడ్డంతా ఖాళీ అవుతుంది. ఆటోలో తెచ్చేవాళ్లు ఎన్ని చోట్ల కోళ్లను ఒకే బుట్టలో పెడతారో, వాటిలో ఎన్నింటికి టీకా పడిందో ఎవరికీ తెలియదు. కొక్కెర తెగులు (రాణిఖేత్ జబ్బు) సోకితే అది బయటికి కనపడటానికి రెండు రోజులు పట్టొచ్చు, పదిహేను రోజులూ పట్టొచ్చు. మూడు వారాలు అన్న లెక్క అందుకే. అల్లూరులో మా బంధువుల ఇంట సంక్రాంతికి ఎవరో ఇచ్చిన రెండు పెట్టల్ని ఆ రోజే గుంపులో కలిపేశారు. కొత్తవి బాగానే ఉన్నాయి, ముందు పాతవి తూగడం మొదలుపెట్టాయి. ఆకుపచ్చటి నీళ్ల రెట్ట, నోరు తెరిచి గురక, రెండు మూడింటికి మెడ తిరిగిపోయింది. ఆఖరికి గుంపులో చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. బర్డ్ ఫ్లూ కూడా మనకు ఎక్కడో దూరపు వార్త కాదు. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు చనిపోతే, భోపాల్ ల్యాబ్‌లో పరీక్ష చేసి అదేనని తేల్చారు.

మీ నాలుగూ ఇప్పటికే వారం నుంచి కలిసి తిరిగాయి కాబట్టి అంటాల్సిన రోగం ఉంటే ఈపాటికే అంటుకుని ఉంటుంది. అయినా విడదీయండి, ఇప్పుడు రెండు గుంపుల్నీ కనిపెట్టి చూడాలి. కొత్తవాటిని పాతవాటికి వీలైనంత దూరంలో, గాలి అటు నుంచి ఇటు కొట్టని వైపు పెట్టండి. మేత ముందు పాతవాటికి వేసి, తర్వాత కొత్తవాటి దగ్గరికి వెళ్లండి, తిరిగి వచ్చేటప్పుడు చేతులు కడుక్కోండి. కొత్తవాటి దగ్గరికి వెళ్లే చెప్పులు వేరే ఉంటే మరీ మంచిది. నీళ్ల చట్టి, మేత పళ్లెం మార్చుకోవద్దు. రెక్కల కింద, ముడ్డి చుట్టూ ఈకలు విడదీసి పేలు, గోమార్లు ఉన్నాయేమో చూడండి. నులిపురుగుల మందు కూడా ఈ మూడు వారాల్లోనే పట్టించాలి.

టీకా విషయంలో ఒక జాగ్రత్త. రెండు నెలలు దాటిన కోడికి కొక్కెర తెగులుకు ఆర్‌2బి సూది వేస్తారు. కానీ అదే తెగులుకు చిన్నప్పుడు వేసే లసోటా టీకా చుక్క పడని కోడికి నేరుగా ఆ సూది వేస్తే ఒక్కోసారి అదే జబ్బులా తిరగబడి కాళ్లు పడిపోతాయి. అందుకని "వీటికి ముందు ఏం వేశారో తెలియదు" అని పశువైద్యశాలలో తప్పకుండా చెప్పండి, ముందు లసోటా చుక్క వేసి కొన్నాళ్లు ఆగి సూది వేయమంటారు. తూగుతున్న కోడికి ఏ టీకా వద్దు. టీకా సీసా ఒకసారి కలిపితే రెండు గంటల్లో వాడేయాలి, అదీ పదుల కోళ్లకు సరిపడేది వస్తుంది. వీధిలో కోళ్లున్న నాలుగిళ్ల వాళ్లను కలుపుకుని వెళ్తే డాక్టరుకూ ఇబ్బంది ఉండదు, పక్కింటి నుంచి మీకు వచ్చే రోగమూ ఆగుతుంది.

మూడు వారాలు గడిచాయి, అన్నీ చురుగ్గా ఉన్నాయి అనుకుందాం. ఇప్పుడు వల. దొడ్లో ఒక మూల దడి కట్టి కొత్తవాటిని అందులోకి మార్చండి. పాతవి వల ఇవతలికి వచ్చి చూడాలి, ముక్కు మాత్రం లోపలికి దూరకూడదు. రొయ్యల గుంటల చుట్టూ పీతలు రాకుండా కట్టే నీలం వల మన వైపు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది, దీనికి బాగా పనికొస్తుంది. చేపల వల మాత్రం వద్దు, సన్న నైలాన్ దారం కాలి వేళ్లకు చుట్టుకుంటే రాత్రికి రాత్రే వేలు నల్లబడుతుంది. పైన కూడా కప్పాలి. రాత్రికి ఈ వల చాలదు, ముంగిస కింద నుంచి తవ్వుకొస్తుంది, పిల్లి సంగతి చెప్పేదేముంది. చీకటి పడగానే గంప కిందికో గూట్లోకో మార్చండి.

ఈ రోజుల్లో రెండు గుంపులకూ మేత ఒకే వేళకు, వలకు అటూ ఇటూ దగ్గర దగ్గరగా వేయండి. మొదట్లో పాతవి వలను తన్నుకుంటూ తిరుగుతాయి. నాలుగైదు రోజులకు వల పక్కనే మట్టిలో పొర్లుతూ పట్టించుకోకుండా ఉంటే సగం పని అయినట్టే. ఇంకా వల మీద పడుతూనే ఉంటే ఇంకో వారం ఆగండి. తొందరేం లేదు, అవి గుడ్డుకు రావడానికి ఇంకా సమయం ఉంది.

కలిపే రోజు సాయంత్రం, చీకటికి గంటన్నర ముందు దడి తీయండి. అప్పటికి పాతవి మేసి కడుపు నిండి ఉంటాయి, పొడుచుకోవడానికి మిగిలిన సమయం కూడా తక్కువ. తోటకూర కాడలు, పుచ్చకాయ చెక్కు లాంటివి దొడ్డంతా విసిరేస్తే అందరి ధ్యాసా కిందే ఉంటుంది. కొంతమంది రాత్రిపూట చప్పుడు కాకుండా కొత్తవాటిని దండెం మీద పాతవాటి పక్కన కూర్చోబెట్టమంటారు. వల దశ అయిన తర్వాతైతే ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది. అది ఒక్కటే సరిపోతుందనుకుంటే మాత్రం తెల్లవారి గూట్లోనే యుద్ధం. చీకట్లో కోడికి కళ్లు సరిగా కనపడవు కాబట్టి ఊరుకుంటుంది, వెలుగు రాగానే పక్కన ఎవరున్నారో చూస్తుంది. అలా చేస్తే తెల్లవారకముందే మీరు లేచి గూటి తలుపు తీయాలి.

చోటు విషయంలో పిసినారితనం వద్దు. గూట్లో కోడికి నాలుగు చదరపు అడుగులు, బయట దడిలోనే ఉంచేట్టయితే పది చదరపు అడుగులు, దండెం మీద ముక్కాలడుగు ఉంటే గొడవలు బాగా తగ్గుతాయి. మేత పళ్లేలు, నీళ్ల చట్లు రెండేసి పెట్టండి, అదీ ఒకదాని దగ్గర నిలబడితే రెండోది కనపడకుండా. లేకపోతే ఒక్క పెత్తందారు పెట్ట రెండింటికీ కాపలా కాస్తుంది. గోడకు తాటిమట్టలు ఏటవాలుగా నిలబెట్టండి, వెనక నుంచి ఇటు దూరి అటు బయటికి రాగలిగేలా. ఒకవైపు మూసుకుపోయిన సందులు ఉంటే రాళ్లు పెట్టి పూడ్చేయండి. మీ మెట్ల కింద చోటు అలాంటిదే అనిపిస్తోంది. నాకు బాగా కలిసొచ్చిన చిట్కా ఇంకోటి: గంపను బోర్లించి, అంచు కింద ఇటుకలు పెట్టి, పిల్లలు దూరగలిగి పెద్దవి దూరలేనంత ఎత్తులో లేపండి. లోపల కాస్త మేత, నీళ్లు పెట్టండి. తరిమితే అందులోకి పోతాయి, తింటాయి, మళ్లీ వస్తాయి. పిల్లలు పెద్దవాటి సైజుకు వచ్చేశాక ఇది పనిచేయదు.

ఎంతవరకు ఊరుకోవాలి అని అడుగుతారు. తల మీద ఒక పొడుపు, నాలుగడుగులు తరమడం, మెడ ఈకలు నిక్కబొడిచి ఎదురెదురుగా నిలబడటం, ఇవన్నీ మామూలే. రెండు మూడు వారాలు ఉంటాయి. మీరు ప్రతిసారీ చీపురు పట్టుకుని మధ్యలోకి దూరితే లెక్క తేలదు, రేపు మళ్లీ మొదటికి. కానీ రక్తం కనపడినా, ఒకే పిల్లను రెండు మూడు పెట్టలు కలిసి పట్టుకున్నా, కింద పడ్డదాని మీదికెక్కి పొడుస్తున్నా ఆ క్షణమే విడదీయండి. రాత్రి గూటికి చేరాక ఒక్కో పిల్లనూ పట్టుకుని మెడ కింద, రొమ్ముకు కాస్త కుడివైపు ఉండే మేత సంచి తడిమి చూడండి. నిండుగా ఉంటే పగలు ఎంత గొడవైనా కంగారు పడక్కర్లేదు. ఖాళీగా మెత్తగా ఉంటే దానికి మేత అందడం లేదని అర్థం, గొడవ మీకు కనపడకపోయినా.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే, దెబ్బ తిన్నదాన్ని తీసి లోపల పెట్టి, కొట్టినదాన్ని గుంపులో వదిలేస్తారు. గాయం లేకపోతే తీయాల్సింది కొట్టేదాన్ని. మా దొడ్లో ఒక నల్ల పెట్ట ఉండేది, కొత్తగా ఏది వచ్చినా దాని తల ఈకలు పీకందే ఊరుకునేది కాదు. దాన్ని కొన్ని రోజులు దొడ్డి కనపడని చోట గంప కింద ఉంచి వదిలాం. తిరిగొచ్చేసరికి దాని చోటు వేరే పెట్ట పట్టేసింది, ఇది మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. కొత్తవాటి జోలికి పోయే తీరిక లేకపోయింది పాపం.

ఒంటరిగా ఒక్క కోడిని ఎప్పుడూ కలపొద్దు. మీరు నాలుగు కొనడం మంచిదయింది, పొడుపుల్ని నాలుగూ పంచుకుంటాయి. మాకు తెలిసినవాళ్లు ఇచ్చిన ఒక్క నల్లటి కడక్‌నాథ్ పెట్టను ఎర్రకోళ్లు నెలల తరబడి దగ్గరికి రానివ్వలేదు. గుంపులో తేడాగా కనపడే కోడికి కష్టం ఎక్కువే. దానికి తోడుగా దాని ఈడువి ఇంకో రెండు తెచ్చి పక్కన పెట్టుకుని పెంచాక, మూడూ కలిసే తిరిగేవి.

ఇంకో మాట, ఆ నాలుగూ పెట్టలేనా? ఆటో వాళ్లు "అన్నీ పెట్టలే" అనే అమ్ముతారు. మూడు నెలలకే తురాయి ఎర్రబడి పెద్దదై, వీపు చివర ఈకలు సన్నగా మొనదేలి వేలాడుతుంటే అది పుంజు. మీ పెద్ద పుంజు పెట్టలు కొట్టుకుంటే ఒక్కోసారి మధ్యలోకి వచ్చి ఆపుతుంది కూడా, కొత్త పుంజును మాత్రం సహించదు. ఆ లెక్క కలపకముందే తేల్చుకోండి. అసలైన పెట్టల మీద కూడా పుంజు తొందరపడి ఎక్కుతుంటే, అవి తురాయి ఎర్రబడి గుడ్డుకు వచ్చేదాకా పగలు కొన్ని గంటలు పుంజును వేరుగా ఉంచడం నయం.

మేత గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఇంటి నూకలు, తవుడు, జొన్నలు, దొడ్లో పురుగులు ఎవరికైనా ఒకటే. మీరు కొన్న లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్లది) వాడుతుంటే మాత్రం పిల్లలకు పెట్టొద్దు. అందులో కాల్షియం మూడున్నర నాలుగు శాతం ఉంటుంది, గుడ్డు పెట్టని పిల్లకు అందులో మూడో వంతు చాలు, ఎక్కువైతే కిడ్నీలు పాడవుతాయి. కలిపి పెంచేటప్పుడు అందరికీ గ్రోవర్ దాణా (ఎదిగే పిల్లలది) వేసి, సముద్రపు గుల్లలు దంచి విడిగా ఒక చిప్పలో పెట్టండి. కావాల్సిన పెట్టలే వెతుక్కుని తింటాయి. కలిపిన కొత్తలో పాతవి గుడ్లు తగ్గించినా మందుల కోసం పరుగెత్తొద్దు, టెన్షన్ తగ్గాక మళ్లీ పెడతాయి. కొత్తవి గుడ్డుకు వచ్చే రోజుల్లో తట్టల దగ్గర ఇంకోసారి చిన్న గొడవ వస్తుంది. నాలుగు పెట్టలకు ఒక తట్ట లెక్కన మూడు పెట్టండి చాలు.

కాలం కూడా చూసుకోవాలి. రోహిణి కార్తె ఎండల్లో కోడి నోరు తెరుచుకుని రొప్పుతూ ఉంటుంది, ఆ వేళ తరుముడు పెడితే పొడుపుతో కాదు వడదెబ్బతో పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వాయుగుండాల వానలు, కోళ్లన్నీ గంటల తరబడి ఒకే కప్పు కింద ఇరుక్కుంటాయి, అప్పుడు కొత్తవి పారిపోవడానికి చోటుండదు. తడి చెత్తలో రక్తపారుడు కూడా అంటుకుంటుంది. మీ నాలుగు వారాలు అలాంటి రోజుల్లోకి వస్తే ఇంకొన్నాళ్లు వల అవతలే ఉంచండి.

ఇంకోసారి పిల్లల్ని తెచ్చే ముందు మీ నాటుపెట్టల్లో ఏదైనా పొదుగుకు కూర్చుందేమో చూడండి. గ్రామప్రియ, వనరాజా రకాలు పొదగవు గానీ వాటి గుడ్లు నాటుపెట్ట కింద పెడితే శుభ్రంగా పొదుగుతుంది. లేదంటే టీకా పడిన ఒక రోజు పిల్లల్ని తెచ్చి, రాత్రి పూట దాని రెక్కల కింద గుడ్లు తీసి పిల్లల్ని పెట్టొచ్చు. పొద్దున్నే ఒకసారి గమనించండి, ఒకటీ అరా పెట్ట పొడుస్తుంది. ఒప్పుకుందంటే ఇక మీకు పని లేదు. పిల్లల తల్లి జోలికి గుంపులో ఏ పెట్టా రాదు, అది విదిలించేలోపు పిల్లలు పెరిగి గుంపులో చోటు సంపాదించుకుంటాయి. మేం ఇప్పుడు దాదాపు అన్నిటినీ ఇలాగే పెంచుతున్నాం.

ప్రస్తుతానికి ఆ తల గాయమైన పిల్లను చూసుకోండి. రేపటికీ మేత ముట్టకపోయినా, తల వేలాడేసినా పశువైద్యశాలకు తీసుకెళ్లండి, వీలుకాకపోతే సంచార పశువైద్య వాహనానికి 1962కి ఫోన్ చేయొచ్చు. రెండు గుంపుల్లో ఎక్కడైనా ఒకేసారి రెండు మూడు చనిపోతే వండటం, కాలువలో పారేయడం చేయకుండా ముందు డాక్టరుకు చెప్పండి.